ఉపవాసం రోజు పొంగలి

పోయినవారం అమలను మామిడితోట గేటు దగ్గర, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

ఎందుకు నిలబడిందో మరిచిపోయినవాళ్ళకు నాలుగు ముక్కలు. రేణిగుంటలో పాస్టరు విజయ్ కుమార్‌గారి ఒక్కగానొక్క కూతురు అమల. ఆమె మొగుడు దయానంద్ ఆయన చర్చి సంఘంలోనే పెద్ద. ఎల్లుండి ఆదివారం మామగారు అల్లుడి తలమీద చేతులుంచి ప్రార్థన చేసి, సంఘాన్ని అతనికి అప్పగించబోతున్నారు. షామియానా వాళ్ళకు చెప్పేశారు, బిరియానీకి బియ్యం కూడా దిగాయి. సరిగ్గా ఇప్పుడే అమలకు మొగుడి మీద అనుమానం పుట్టింది. నెలకు రెండు శుక్రవారాలు పలమనేరులో ఉపవాస ప్రార్థన ఉందని పొద్దున్నే బస్సెక్కే మనిషి, రాత్రి ఇంటికొచ్చి "నాకు అన్నం వద్దులే" అంటున్నాడు. పొద్దంతా పస్తున్న మనిషికి తేన్పులెట్లా వస్తాయి? ఆ తర్వాత అతని సంచిలో ఎర్రంచు పచ్చచీర ఒకటి కంటబడింది. పెళ్ళిరోజుకు తనకేనేమో అని మురిసిపోయింది. పెళ్ళిరోజు వచ్చింది, పోయింది, చీర మాత్రం చేతికి రాలేదు. ఇక ఉండబట్టలేక పలమనేరు సంఘంలో ఉండే జయంతికి ఫోన్ చేస్తే, "ఆ ప్రార్థన ఆగిపోయి యాడాది దాటె గదక్కా!" అని ఆ అమ్మాయి కుండబద్దలు కొట్టేసింది.

దాంతో ఈ శుక్రవారం మూతికి మాస్కు తగిలించి, నెత్తిన కొంగు కప్పుకుని మొగుడెక్కిన బస్సే ఎక్కింది. చిత్తూరులో అతను బస్సు మారితే తనూ మారింది. అతను పలమనేరు దాకా పోనేలేదు, బంగారుపాళ్యంలోనే దిగేశాడు. ఆటోలో వెంటపడి ఈ తోట దాకా వచ్చింది. గేటు సందులోంచి చూస్తే లోపల ఒక పెంకుటిల్లు, ఇంటిముందు దండెం, దండెం మీద ఆరేసిన అదే ఎర్రంచు పచ్చచీర.

చీర ఉందంటే కట్టుకునే మనిషీ ఉంటుంది కదా.

వెనక రోడ్డు మీద కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ ముందు బారులు తీరి ఉన్నాయి. గాలంతా మాగిన తోతాపురి వాసన. అమల పాస్టరు కూతురు కాబట్టి కష్టమొస్తే ముందు ప్రార్థనే వస్తుంది నోటికి. ఇప్పుడూ వచ్చింది. "ప్రభువా, ఆమె నాకంటే బాగుండకూడదు" అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. ఆ సిగ్గు కోపంగా మారి గేటును ఒక్క తోపు తోయించింది.

అరుగు మీద దయానంద్ చొక్కా విప్పేసి, బాసింపట్టు వేసుకుని ఆకులో తింటున్నాడు. ఉపవాసమున్న మనిషి ముందు రాగి సంగటి ముద్ద, దాని పక్కన వేరుశనగ ఊరుబిండి, ఇంకో పక్క నేతితో మెరుస్తున్న పొంగలి. ఎదురుగా గొంతుక్కూర్చున్న ఒక ముసలాయన అతనికి తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు. ఆయన నుదుట రూపాయి కాసంత కుంకుమబొట్టు.

ముసలాయనే ముందు చూశాడు. "ఎవరమ్మణ్ణీ? కాయలకొచ్చినావా? కోత సోమారం పెట్టుకున్నామే."

దయానంద్ తల తిప్పాడు. నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

"యాడుండాది?" అంది అమల.

"ఎవరు?"

"ఆ చీరామె!"

జవాబు కోసం ఆగలేదు. చెప్పులతోనే అరుగెక్కి లోపలికి దూరింది. ఒకటే గది. నులక మంచం, మూలన పొయ్యి, నాలుగు గిన్నెలు, మేకుకు వేలాడే పంచె. మంచం కింద వంగి చూసింది. తలుపు వెనక చూసింది. గాజుముక్క లేదు, దువ్వెన లేదు, పూల వాసనైనా లేదు. గోడ మీద మాత్రం తన మొగుడున్నాడు. చిత్తూరు కన్వెన్షన్ పోస్టరు అది. మైకు పట్టుకున్న దయానంద్ బొమ్మ, దాని కింద 'కంటతడి పెట్టించే సాక్ష్యం' అని పెద్ద అక్షరాలు. నాలుగు మూలలా అన్నం మెతుకులతో అంటించి ఉంది. దాని పక్కనే తన కూతురు నవీన ఫోటో, మొన్న పుట్టినరోజుకు స్టూడియోలో తీయించింది.

తన బిడ్డ ఫోటో ఈ గోడ మీదికి ఎట్లా వచ్చిందో అర్థంకాక బయటికొచ్చింది. వేలెత్తి దండెం చూపింది. "ఆ చీర ఎవరిది?"

"అదా? అది అమ్మోరిదమ్మా" అన్నాడు ముసలాయన, తప్పేదో తనదే అయినట్టు. ఇంటి పక్కన వేపమాను కింద పసుపు పూసిన రాయి ఒకటుంది. దాని నడుముకు గళ్ళ తువ్వాలు చుట్టి ఉంది. "సుక్కురారం గదా, ఉతికి ఆరేసినాను. తడి చీర కట్టకూడదు. ఆరేదాక పాపం గంగమ్మ నా తువ్వాలు కట్టుకోనుండాది."

అమల రాయిని చూసింది. తువ్వాలును చూసింది. నెల రోజులుగా తను మనసులో జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చిన సవతి ఇదా! నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోతే అదే ఏడుపయింది. అరుగు మీద కూలబడి, మాస్కు తీసి, నవ్వుతూ ఏడుస్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంకొక ఆడది లేదు. లేనే లేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. పాస్టరు కూతురు గనుక ఆ రాయికి దండం పెట్టలేదు గానీ, ఆ నిమిషాన పెట్టినంత పని చేసింది.

ముసలాయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గటగటా తాగి, ఊపిరి తీసుకుని, అప్పుడడిగింది మొగుణ్ణి. "ఈ పెద్దాయన ఎవరండీ?"

దయానంద్ చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని, విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక చొక్కాతో మనిషి ఎంతసేపు కాలయాపన చెయ్యగలడో అంతసేపూ చేశాడు.

"మా నాయన" అన్నాడు చివరికి.

చెంబు అమల చేతిలోంచి జారి అరుగు దిగి దొర్లింది.

దయానంద్ నాయన చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి అమలకే కాదు, రేణిగుంట నుంచి మదనపల్లె దాకా ప్రతి సంఘానికీ తెలుసు. తను యేసును ఎట్లా నమ్ముకున్నాడో సభల్లో చెప్పే దయానంద్ సాక్ష్యమంటే అదే మరి. గంగమ్మ జాతరలో వేషం కట్టే కరుడుగట్టిన తండ్రి. బాప్తిస్మం పుచ్చుకున్న కొడుకును మామిడిచెట్టుకు కట్టి, చెప్పుతో కొట్టి, వానలో ఇంట్లోంచి గెంటేసిన తండ్రి. కొడుకు ఆ వానలోనే మోకరించి ఆయన కోసం ప్రార్థన చేస్తే, ఆర్నెల్లకు చావుమంచం మీద "యేసయ్యా" అని కన్నుమూసిన తండ్రి. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దయానంద్ గొంతు వణికేది, ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకునేవాళ్ళు. ఆ సాక్ష్యం వినే అమల అతన్ని ఇష్టపడింది. దిక్కులేని బిడ్డ కదా అని ఇన్నేళ్ళూ ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

"నువ్వు..." అంది. పెళ్ళయిన నాటినుంచి మొగుణ్ణి మీరు అని తప్ప అనని మనిషి. "నువ్వు బతికున్న మనిషిని చంపి, మైకు ముందర పడుకోబెట్టి ఊరూరా ఏడిపించినావా?"

జవాబు ముసలాయన చెప్పాడు.

"బాగానే సంపినాడమ్మా. నేనూ విన్నాను."

"నాయనా!" అన్నాడు దయానంద్. విన్నట్టు అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"మన తోటకొచ్చే లారీ డ్రైవరు ధనంజయ సెల్లులో పెట్టినాడు. మొదట మావోడని తెలీలేదమ్మా. మీకు దయానంద్, మాకు మునిచంద్ర గదా. గొంతు పట్టి తెలుసుకున్నాను. ఎంత బాగా చెప్పినాడంటావు! నా సావుకి నాకే ఏడుపొచ్చె." విసనకర్రతో వీపు గోక్కుని, కొడుకు వైపు తిరిగాడు. "అంతా బాగుండాది గానీ మునీ, చెప్పుతో కొట్టినానంటివే, అది మాత్రం రోంత ఇబ్బందిగా ఉండాది. నేను ఎప్పుడురా చెప్పులేసుకునింది? నన్ను ఎరిగినోళ్ళు నమ్ముతారా?"

అమలకు మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి రానివ్వలేదు. "అయితే మీరు కొట్టలేదా?"

"ఎందుక్కొడతాను? నీళ్ళల్లో మునిగి దేవుణ్ణి నమ్ముకున్నాను నాయనా అని వచ్చి నిలబడినాడు. తలంతా తడిగా ఉండాది. జలుబు చేస్తాదిరా, తుడుచుకో అన్నాను. అంతే."

"అదే గదా నాకొచ్చిన కష్టం!" అన్నాడు దయానంద్. ఎన్నాళ్ళుగానో అణచిపెట్టుకున్న మాట ఒక్కసారి బయటపడింది. "యూత్ కూటంలో అందరూ వరసగా సాక్ష్యాలు చెప్తా ఉండారు. ఒకడు తాగి పెండ్లాన్ని తన్నేవాణ్ణి అంటాడు. ఒకడు రౌడీని, కత్తి పట్టుకోని తిరిగేవాణ్ణి అంటాడు. నా వంతొచ్చె. నాకేముండాది చెప్పేదానికి? మా నాయన తల తుడుచుకోమన్నాడని చెప్పాల్నా? ఒక దెబ్బ కొట్టినాడని చెప్పినాను. ఒక్కటే. అందరూ హల్లెలూయ అన్నారు. ఇంకో ఊర్లో రెండు దెబ్బలయినాయి. చెట్టుకు ఎప్పుడు కట్టించినానో నాకే గుర్తులేదు అమలా."

దెబ్బలు లేని సాక్ష్యానికి చప్పట్లుండవని అమలకు ఒకరు చెప్పనక్కర్లేదు. పదో తరగతిలో తనూ, ఏ పాపమూ చెయ్యలేదే, రేపు లేచి నిలబడి ఏం చెప్పాలి దేవుడా అని రాత్రంతా బెంగపడిన పిల్లే. చివరికి పక్కింటి జామకాయలు కోసినట్టు కల్పించి చెప్పింది. ఆ జామకాయలు గుర్తొచ్చి కోపం సగం దిగింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఆదివారం విగ్రహాల మీద ప్రసంగం చేస్తావు. గంగమ్మకు చీర నువ్వే కొన్నావా?"

"నాయన అడిగినాడు. అంతవరకూ నన్ను ఏమీ అడిగిన మనిషి కాదు."

"ఆమెకు ఎర్రంచంటే ఇష్టమమ్మా" అన్నాడు ముసలాయన కొడుక్కు సాయంగా. "వీడు షాపులో నాలుగు తీయించి మంచి అంచు చూసి తెచ్చినాడు." ఆ సాయంతో కొడుకు ఇంకాస్త కుంగిపోయాడు.

"అదీగాక అమ్మోరికి పెట్టిన పొంగలి తింటా ఉండావు! ఉపవాసమని చెప్పి!"

ముసలాయన గబుక్కున లేచాడు. "లేదమ్మా, ఆ తప్పు మావోడు చెయ్యలేదు. ఉపవాసం సంగతి నాకు తెలీదు గానీ, ఇది మాత్రం లేదు." లోపలికి పోయి రెండు గిన్నెలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒకటి పెద్దది, కుంకుమ బొట్టు పెట్టింది. ఒకటి చిన్నది, ఏ బొట్టూ లేనిది. "అమ్మోరికి పెట్టింది మీరు ముట్టరని వాడు చెప్పినాడు గదా. ఆ పొద్దు నుంచి పొయ్యి మీంచి దించంగానే వాని భాగం ఈ చిన్నదాంట్లోకి తీసిపెడతాను. ఆ తర్వాతనే ఆమెకు. ముందు మనిషికి తీసి తర్వాత దేవతకు పెట్టేదేందిరా, తప్పు గదా అని ఊర్లో అంటారు. అననీలే. బిడ్డ తిన్నాక తింటే ఏ తల్లికి కోపమొస్తాది?"

అమల ఆ చిన్న గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. కొడుకు మైకు పట్టుకుని తండ్రిని చెట్టు కింద చెప్పుతో నిలబెట్టిన ఆదివారాలన్నిటికీ ముందు, ఇక్కడొక శుక్రవారం ఉంది. కొడుకు నమ్మకానికి మచ్చ పడకుండా తన అమ్మోరి దగ్గర తనే తప్పు మోసుకుంటూ వచ్చాడు ఈ మనిషి. ఆమెకు సిగ్గేసింది. మొగుడి తరఫునా వేసింది, ఆ సాక్ష్యానికి ఏడ్చిన తన తరఫునా వేసింది.

చెప్పులు విప్పి అరుగు కింద పెట్టింది. "నాకూ రోంత పెట్టండి మామా" అంది.

మామా అన్న మాటకు ముసలాయన ఆకును రెండుసార్లు కడిగాడు. ఆకు పరిచి, చిన్న గిన్నెలోదే వడ్డించాడు. అమల కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన చేసుకుంది. ఆమె ఆమెన్ అనేదాకా ఆయన ఊరుబిండి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆ మర్యాద ఆయనకు అలవాటే.

"పాప సంగటి తింటాదా?" అని అడిగాడు, వడ్డిస్తూ.

"తినదు మామా. మీరు పెడితే తింటాదేమో."

ఆకలి సంగతి ఇప్పుడు తెలిసింది ఆమెకు. పొద్దుటినుంచి మంచినీళ్ళయినా ముట్టలేదు. చూడబోతే ఆ రోజు నిజంగా ఉపవాసమున్నది ఆమె ఒక్కతే. ఆ మాటే పైకి అంటే దయానంద్ నవ్వాడు. భయంభయంగా మొదలై తర్వాత బాగా నవ్వాడు. ఇంటికి పోయి ఏ తేన్పు ఎట్లా దాచుకోవాలో ఆలోచించనక్కర్లేని మనిషి ముఖం ఎంత తేటగా ఉంటుందో అమల మొదటిసారి చూసింది. ఈ ముఖంతో ఎన్నాళ్ళయినా కాపురం చెయ్యొచ్చు అనిపించింది.

"నవ్వింది చాలు. ఆదివారం ఏం చేస్తారు?" అంది. 'నువ్వు' పోయి 'మీరు' తిరిగొచ్చిందని గమనించి దయానంద్ నిటారుగా కూర్చున్నాడు.

"చెప్పేస్తాను. మైకులోనే కట్టినాను, మైకులోనే విప్పుతాను. సంఘం వద్దంటే వద్దు. చిత్తూరులో ఏదో ఒక పని చూసుకుంటాను."

"అంతకు ముందు మా నాయనకు చెప్పాల. రేపు పొద్దున్నే ఇద్దరమూ పోతాము. అరుస్తాడు. ఒక పూట మాట్లాడడు. ఆ తర్వాత మీ పక్కనే నిలబడతాడు." అమల గొంతులో గర్వం వచ్చింది. "ప్రసంగంలో ఒక ఊరిపేరు తప్పు చెప్పినానని మరుసటి వారం అందరి ముందర దిద్దుకున్న మనిషి ఆయన. అబద్ధం చెప్పడు, నిజం చెప్పినోణ్ణి వదిలిపెట్టడు."

ముసలాయన చేతిలో విసనకర్ర ఆగింది. "ఆయనకు చెప్పాల్నా అమ్మా? వద్దులే. ఆదివారం అయిపోనీ. నేను సచ్చినట్టే ఉంటాలే, నాకేం కష్టం? ఈ తోట దాటి యాడికి పోతాను?"

"ఉండేదానికి వీల్లేదు. ఆదివారం మీరొస్తారు. నవీనను ఒళ్ళో పెట్టుకోని ముందు వరసలో కూర్చుంటారు." ఆకు మడిచి లేవబోతూ అమల ఆగింది. ఒక సంగతి ఇంకా మింగుడు పడలేదు. "దెబ్బల సంగతి సరే. చచ్చిపోయినాడని ఎట్లా చెప్పగలిగినారండీ? ఆ మాట నోట్లోంచి ఎట్లొచ్చింది?"

"మొదట అన్నది నేను కాదు" అన్నాడు దయానంద్. "మన పెండ్లికి ముందు చిత్తూరు కన్వెన్షన్‌లో నన్ను స్టేజీ మీదికి పిలుస్తా మీ నాయనే అన్నాడు, తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ అని. ఆయనకు ఎవరో తప్పు చెప్పినారనుకున్నాను. అంతమంది ముందర కాదని ఎట్లా అనేది? మైకు చేతికిచ్చేసినాడు. ఊరికే ఉండిపోయినాను. ఆ చావుమంచం, ఆ చివరి మాట మాత్రం తర్వాత నేనే కలిపినాను."

"మా నాయనకు అంత తప్పు ఎవరు చెప్పుంటారు?"

దయానంద్‌కు తెలియదు. ఇద్దరూ ముసలాయన వైపు చూశారు. ఆయన అప్పటికే లేచి దండెం దగ్గరికి పోయాడు. చీర ఆరిందో లేదో అంచు పట్టుకుని చూస్తున్నాడు. అది ఎప్పుడో ఆరింది.

"మామా, మీకు తెలుసు గదా" అంది అమల.

"అది మాత్రం నన్నడగొద్దు తల్లీ. ఒకాయనకు మాటిచ్చినాను. ఆ అరుగు మీదనే కూసోని, నా రెండు చేతులూ పట్టుకోని, సచ్చినట్టే ఉండమని అడిగినాడు. వాని బాగు కోసమే గదా అని సరేనన్నాను."

"ఎవరు నాయనా?" అన్నాడు దయానంద్.

ముసలాయన చీర భుజాన వేసుకుని వేపమాను కిందికి పోయాడు.

అమల ఫోన్ మోగింది. పాస్టరుగారే.

"యాడుండావమ్మా? స్త్రీల కూటానికి రాలేదంటనే. ఒళ్ళు బాగలేదా?"

ఆ గొంతు వినగానే అమలకు కొండంత ధైర్యం వచ్చింది. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే మొదలుపెడితే సరిపోతుందనుకుంది. మొగుడి వైపు చూసింది. అతను తలూపాడు.

"బాగుండాను నాయనా. బంగారుపాళ్యంలో ఉండాను. మా మామ ఇంట్లో."

ఏ మామ అని అడుగుతాడనుకుంది. నీకు మామ యాడుండాడే అని నవ్వుతాడనుకుంది. రెండింటికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంది. అవతల ఆదివారానికి పాటలు నేర్చుకుంటున్న పిల్లల గొంతులు దూరంగా వినిపిస్తున్నాయి. తలుపు వేసిన చప్పుడయింది, ఆ పాట ఆగిపోయింది.

"ఆయన ఇంకా ఆ అరుగు మీదనే పండుకుంటా ఉండాడా అమ్మా?" అన్నాడు పాస్టరు.